వాళ్లు తట్టుకున్నారు, నేనెందుకు తట్టుకోలేకపోతున్నాను?

ప్రశ్న: నా వయసు 31. ఫిజియోథెరపిస్టుని. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లుండే పునరావాస కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒకే ప్రమాదంలో నడకనూ, ఇంట్లో మనిషినీ పోగొట్టుకున్నవాళ్లు కూడా మా దగ్గరున్నారు. అయినా పొద్దున్నే నవ్వుతూ పలకరిస్తారు. నాకు ఈమధ్యే విడాకులయ్యాయి. కాళ్లూ చేతులూ బాగున్నాయి, ఉద్యోగం ఉంది, అయినా చిన్న మాటకే ఏడుపొచ్చేస్తోంది. ‘రోజూ అంతమందిని చూస్తున్నావు, వాళ్లను చూసి నేర్చుకో’ అంటారు ఇంట్లో. నాకూ నేర్చుకోవాలనే ఉంది. కానీ వాళ్లను చూస్తే ధైర్యం రావడం లేదు, సిగ్గేస్తోంది. ‘మీరు ఇదంతా ఎలా తట్టుకున్నారు?’ అని వాళ్లనే అడగొచ్చా? ఇంకో సంగతి. వాళ్లు చెప్పిన ప్రమాదాలు నాకే జరిగినట్టు ఈమధ్య కలలొస్తున్నాయి. ఆ టెన్షన్‌తో నిద్ర ఉండటం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సిగ్గు సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మిగతావన్నీ దాని దగ్గరే చిక్కుకుపోయినట్టున్నాయి.

మీ పేషెంట్ల కష్టాన్నీ మీ కష్టాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అక్కడ చచ్చుబడిన కాళ్లు, ఇక్కడ ముగిసిపోయిన పెళ్లి. వాళ్లదే పెద్దదని తేల్చేసి, ఇక మీకు ఏడ్చే హక్కు లేదనుకుంటున్నారు. ఇదే లెక్క మీ వార్డులో వేసి చూడండి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి చేతులు కూడా సరిగా ఆడకపోవచ్చు. నడుము దగ్గర దెబ్బతిన్న మనిషికి చేతులు బాగానే పనిచేస్తాయి. ఆ రెండో మనిషి ఏడుస్తుంటే, ‘పక్క మంచం ఆయన్ని చూడు, నీకు చేతులైనా ఉన్నాయి కదా’ అని మీరెప్పుడైనా అన్నారా? అనివుండరు. ఆ మాట వల్ల ఎవరికీ మేలు జరగదని మీ వృత్తి మీకు నేర్పింది. అదే మాట మీకు మీరు రోజూ చెప్పుకుంటున్నారు.

మీ ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటున్నారని నమ్ముతాను. కానీ ‘వాళ్లను చూసి నేర్చుకో’ అన్న మాట చాలాసార్లు ‘ఇక ఏడవకు’ అనడానికే వాడతారు. అలా విన్నవాళ్లు నేర్చుకునేది బాధను దాచుకోవడం ఒక్కటే. మీకు నిజంగా నేర్చుకోవాలని ఉందన్నారు కాబట్టి, ఏం చూడాలో, ఎక్కడ చూడాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మీకు కనబడుతున్నది పొద్దుటి నవ్వు. అది అబద్ధమని అనను. కానీ అదే మనిషి రాత్రి ఎలా ఉంటాడో నైట్ డ్యూటీ నర్సుకు తెలుస్తుంది, మీకు తెలియదు. మనుషులు దెబ్బల నుంచి ఎలా తేరుకుంటారో ఏళ్ల తరబడి పరిశీలించిన జార్జ్ బొనానో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అందరూ ఒకే దారిలో నడవరని చూపించారు. కొందరు మొదటి నుంచీ రోజువారీ పనులు చేసుకుంటూ నిలబడతారు. కొందరు బాగా కుంగిపోయి, నెలలు గడిచాక మెల్లగా తేరుకుంటారు. కొందరికి మొదట్లో ఫర్వాలేదనిపించి తర్వాత కష్టమవుతుంది. కొందరికి ఆ బాధ చాలాకాలం వదలదు. వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఆయన బృందం గమనించినప్పుడు, ఎక్కువమంది మొదటి కోవలోనే ఉన్నట్టు తేలింది. అలా నిలబడినవాళ్లకు బాధ లేదని ఆయన చెప్పలేదు. దిగులు పడుతూనే, ఏడుస్తూనే, తినడం, పనిచేయడం, మనుషులతో మసలడం సాగించారు. ఆ లెక్కన మీరేం చేస్తున్నారు? విడాకులయ్యాయి. ఏడుపొస్తోంది. అయినా రోజూ డ్యూటీకి వెళ్లి, బరువైన మనుషులను పట్టి లేపి, వీల్‌చైర్లోకి మార్చి, వాళ్లు మాట్లాడుతుంటే వింటున్నారు. తట్టుకోలేకపోతున్నానని రాశారు కానీ, మీ ఉత్తరంలో నాకు కనిపించిన మనిషి తట్టుకుంటూనే ఉంది.

తట్టుకునే శక్తి పుట్టుకతో కొందరికే దక్కే గట్టి గుణమని చాలామంది అనుకుంటారు. దీనిపై జరిగిన పెద్ద పరిశోధనలు వేరే చోటికి వేలు చూపిస్తున్నాయి. హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు పుట్టుక నుంచి నలభయ్యో ఏడు దాకా గమనిస్తూ వచ్చారు. వాళ్లలో పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు, తాగుడు లాంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లున్నారు. అలాంటి పిల్లల్లోనూ మూడోవంతు మంది చక్కగా, ధీమాగా, ఇతరులను పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. కారణాలు వెతికితే మళ్లీ మళ్లీ కనిపించినవాటిలో ఒకటి చాలా మామూలు విషయం. ఆ పిల్లల జీవితంలో నమ్మకంగా అంటిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి కనీసం ఒకరున్నారు. అమ్మమ్మో, అక్కో, టీచరో, పక్కింటావిడో.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ పరిశోధన రెండో సగం. టీనేజీలో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలకు వచ్చేసరికి నిలదొక్కుకున్నారు. ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టడం, మంచి తోడు దొరకడం, ఏదో ఒక సమూహంలో చేరడం లాంటివి వాళ్లకు అక్కరకొచ్చాయి. పదిహేడేళ్లప్పుడు వాళ్లను చూసినవాళ్లెవరైనా ‘వీడిలో ఆ శక్తి లేదు’ అని రాసి పెట్టుకుని ఉంటే పొరబడి ఉండేవారు. విడాకులైన మొదటి సంవత్సరంలో మీ గురించి మీరు రాసిపెట్టుకుంటున్నది కూడా అలాంటిదే కావచ్చు. ఆన్ మాస్టెన్ అనే మరో పరిశోధకురాలు 2001లో ఈ రంగంలో అప్పటిదాకా తెలిసినదంతా పరిశీలించి, ఇందులో అసాధారణమైనదేమీ లేదని, మనిషికి మామూలుగా ఉండే ఆసరాలే ఈ పని చేస్తాయని రాశారు. దగ్గరివాళ్లు, ఆలోచించుకోగలగడం, చేతిలో ఏదో ఒక పని, ఏదో ఒక నమ్మకం.

ఉక్కు గుండెలని మనం చెప్పుకునే మనుషులను కూడా ఈ కంటితో చూడండి. జేమ్స్ స్టాక్‌డేల్ అనే అమెరికా నేవీ పైలట్ 1965లో వియత్నాంలో పట్టుబడి, 1973 దాకా యుద్ధఖైదీగా ఉన్నాడు. అందులో నాలుగేళ్లు ఒంటరి కొట్లోనే. కొట్టారు, కాలు చితికిపోయింది. ఆయన కథను ఒంటరి మనిషి మొండితనంగా చెబుతుంటారు. కానీ ఆ జైల్లో ఖైదీలందరూ గోడల మీద తట్టి మాట్లాడుకునేవారు. ఇంగ్లిష్ అక్షరాలను అయిదు వరసలు, అయిదు నిలువు గళ్లుగా అనుకుని, ముందు వరస సంఖ్య, తర్వాత గడి సంఖ్య తట్టేవారు. ఇరవయ్యయిదు గళ్లే కాబట్టి ఒక అక్షరాన్ని వదిలేసి దాని పని మరోదానితో సరిపెట్టుకున్నారు. హింసించి కొట్లోకి తెచ్చి పడేసిన మనిషికి పక్క కొట్టు నుంచి తట్టేవారు. నీ పక్కన మేమున్నామని తెలిపేవారు. మొహం కూడా చూడని మనిషి తట్టే చప్పుడు మీద ఆనుకుని ఏళ్లకేళ్లు గడిపారు. ఆ కథలో మనం పట్టుకోవాల్సింది ఆ గోడ అవతలి చెయ్యి అని నాకనిపిస్తుంది.

అందుకే మీ వార్డులో కూడా ‘ఈయన ఎంత ధైర్యవంతుడు’ అనుకుని ఆగిపోకండి. ఈయన ఎవరి మీద, దేని మీద ఆనుకుంటున్నాడో చూడండి. విజిటర్ల టైములో ఎవరొస్తున్నారు? రాకపోతే ఎవరికి ఫోన్ చేస్తున్నాడు? కొత్తగా చేరిన పేషెంటుకు వీల్‌చైర్ తిప్పడం ఎవరు చూపిస్తున్నారు? చాలా పునరావాస కేంద్రాల్లో, ఇదే దెబ్బ తగిలి కొన్నేళ్లు గడిచినవాళ్లను కొత్తవాళ్లతో మాట్లాడిస్తారు. పేషెంటుకు మీరు చెప్పే ధైర్యం కన్నా, అదే దారిన నడిచొచ్చిన మనిషి ‘మొదటి ఆరు నెలలూ నేనూ ఎవరితో మాట్లాడలేదు’ అనడం ఎక్కువ పనిచేస్తుంది. మీకూ అలాంటి మనిషి ఉన్నారా? విడాకులై నాలుగైదేళ్లు దాటిన స్నేహితురాలో, బంధువో, తోటి ఉద్యోగో? మీ ఉత్తరంలో పేషెంట్లున్నారు, ఇంట్లోవాళ్లున్నారు, అలాంటి మనిషి మాత్రం కనిపించలేదు. నేనైతే ముందు ఆ మనిషిని వెతకమంటాను.

ఇంకోటి, ఇది మీకే బాగా తెలిసిన విషయం. వీల్‌చైర్లో కూర్చునేవాళ్లకు మీరు మొదట నేర్పేవాటిలో ఒకటి, పావుగంటకో అరగంటకో ఒంటి బరువు మార్చుకోవడం. చేతుల మీద పైకి లేవాలి, లేదా ముందుకో పక్కకో వంగి కాసేపు ఉండాలి. లేకపోతే ఒకే చోట ఒత్తిడి పడి పుండ్లు పడతాయి. మామూలు మనిషికి ఒకే చోట కూర్చుంటే నొప్పి తెలుస్తుంది, తెలియకుండానే కదులుతాడు. వీళ్లలో చాలామందికి అక్కడ స్పర్శ సరిగా ఉండదు. ఒళ్లు చెప్పదు కాబట్టి గడియారం చూసి చేయాలి. చేయాలనిపించేదాకా ఆగితే ఆ అనిపించడం ఎప్పటికీ రాదు. మూడ్ బాగున్న రోజూ చేస్తారు, బతకాలని లేని రోజూ చేస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఏమిటని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను. పైగా దీన్ని వాళ్లకు నేర్పింది మీరే.

విడాకుల తర్వాత చాలామందికి లోపల ఏదో మొద్దుబారిపోతుంది. ఆకలి తెలియదు, స్నేహితులను కలవాలనిపించదు, బయటికి వెళ్లాలనిపించదు. అనిపించినప్పుడు చేద్దామని కూర్చుంటే రోజులు వెళ్లిపోతాయి. దిగులుకు ఇచ్చే చికిత్సల్లో ఒకటి సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. మనసు కుదిరేదాకా ఆగకుండా, చిన్న చిన్న పనులకు టైము పెట్టుకుని చేయిస్తారు, మనసు వెనకాల వస్తుంది. కాబట్టి వేళకు తినడం, ఒక నడక, వారంలో ఒక రోజు ఒక మనిషిని కలవడం, ఇవి గడియారం చూసి చేయండి. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి, పని మాత్రం వదలకండి.

ఇక ‘ఎలా తట్టుకున్నారు?’ అని అడగొచ్చా అన్నారు. ఆ ప్రశ్న అలా అడగొద్దు. కారణాలున్నాయి. ఒకటి, తట్టుకున్నాననే ఆయన అనుకుంటున్నాడో లేదో మీకు తెలియదు. మీరు అలా అడిగితే, ధైర్యంగా కనిపించాల్సిన బరువొకటి ఆయన నెత్తిన పడుతుంది. రెండోది, మీరు ఆయనకు చికిత్స చేసే మనిషి. కాదనాలంటే ఆయనకు మొహమాటం. మూడోది, జరిగింది చెప్పించడమే మంచిదనే నమ్మకం నిజం కాదు. ఒకప్పుడు ప్రమాదాలు, విపత్తులు జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించేవారు. చెప్పుకుంటే భారం దిగిపోతుందని ఉద్దేశం. తర్వాత పరీక్షించి చూస్తే, అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల తర్వాతి మానసిక సమస్యలు తగ్గలేదు, కొన్ని అధ్యయనాల్లో పెరిగాయి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో క్షేత్రస్థాయి కార్యకర్తల కోసం ఇచ్చిన మార్గదర్శకంలో గమనించండి, వినండి, అవసరమైన సాయంతో కలపండి అని ఉంటుంది. చెప్పమని ఒత్తిడి చేయొద్దనే ఉంటుంది.

నాదియా మురాద్ సంగతి మీరు వినే ఉంటారు. ఇరాక్‌లో ఐసిస్ చెర నుంచి తప్పించుకుని, తనపై, తన యజీదీ ప్రజలపై జరిగిన దారుణాన్ని ప్రపంచానికి చెప్పి, 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. యుద్ధాల్లో లైంగిక హింసకు గురైనవారి నుంచి వివరాలు సేకరించేవాళ్లు ఎలా నడుచుకోవాలో చెప్పే నియమావళి ఒకటి 2022లో ఆమె పేరుతోనే వచ్చింది. దాని సారం ఏమిటంటే, ఆ కథ బాధితురాలిది, చెప్పాలో వద్దో, ఎంత చెప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆమె ఇష్టం. అడిగేవాళ్లు, ఇప్పటికే వేరేచోట చెప్పి ఉంటే మళ్లీ ఎందుకు చెప్పించాలి అని ముందు తమను తాము ప్రశ్నించుకోవాలి. మీ పేషెంట్లకూ ఇదే మర్యాద దక్కాలి. మీ దిగులు తీర్చే పాఠాలు ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకు లేదు.

అలాగని మూగగా ఉండమని కాదు. వ్యాయామం చేయిస్తూ ‘ఇవాళ ఎలా ఉంది?’ అనండి. జవాబు కోసం నిజంగా ఆగండి. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే మధ్యలో అడ్డురాకుండా వినండి, ‘మీరు చాలా గ్రేట్’ అని కొట్టిపారేయకండి. పొగడ్త కూడా ఒక్కోసారి మాట ఆపేస్తుంది. ఎవరైనా చెప్పిన మాట మీకు ఉపయోగపడితే అదే చెప్పండి: ‘మొన్న మీరన్న మాట నాకు చాలా పనికొచ్చింది.’ రోజంతా సాయం తీసుకునే స్థితిలో ఉన్న మనిషికి తానూ ఒకరికి అక్కరకొచ్చానని తెలియడం చిన్న విషయం కాదు. మీ విడాకుల వివరాలన్నీ వాళ్ల ముందు పెట్టక్కర్లేదు. ఆ మాట ఒక్కటి చాలు.

ఇక్కడొక మాట పక్కకు జరిగి చెప్పాలి. కష్టాలు తట్టుకున్నవారిని మెచ్చుకునే అలవాటులో నన్ను బాధించేది ఒకటుంది. వీల్‌చైర్ మనిషి ముగ్గురి సాయంతో మెట్లెక్కి ఆఫీసుకు వెళ్తే ఆయన పట్టుదలను పొగుడుతాం. అక్కడ ర్యాంపు ఎందుకు లేదని అడగం. ఆ మెట్లు ఆయన తట్టుకోవాల్సిన కష్టమే కాదు, ఎవరో తీసేయాల్సిన అడ్డంకి. కష్టం మనిషిని రాటుదేలుస్తుందన్న మాటను కూడా నేను ఒప్పుకోను. తీవ్రమైన దెబ్బ తర్వాత కొందరిలో మంచి మార్పు వస్తుందని రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ 1990లలో వివరంగా రాశారు. మనుషులతో దగ్గరితనం, బతుకు విలువ తెలియడం, కొత్త దారులు కనిపించడం లాంటివి. అయితే ఆ మార్పు దెబ్బ ఇచ్చిన బహుమతి కాదనీ, దాంతో పెనుగులాడినందువల్ల వచ్చేదనీ, దాని పక్కనే బాధ కూడా ఉంటుందనీ వాళ్లు స్పష్టంగానే చెప్పారు. మీ విడాకుల నుంచి మీకేదో గొప్ప మేలు జరిగి తీరాలని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి.

చివరగా మీ కలలు. ఉత్తరంలో దీన్ని ‘ఇంకో సంగతి’ అని ఆఖర్న రాశారు కానీ, నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది దీని గురించే. ఇతరుల గాయాల గురించి రోజూ వినేవాళ్లకు ఆ గాయం కొంత అంటుకుంటుంది. 1990 నుంచీ దీన్ని పరిశోధకులు పేరు పెట్టి గుర్తిస్తున్నారు. మానసిక వైద్యులు వాడే నిర్ధారణ గ్రంథం 2013 కూర్పులో, వృత్తిలో భాగంగా ఘోరమైన ఘటనల వివరాలు పదేపదే వినాల్సి రావడాన్ని కూడా ట్రామా కిందే పరిగణించారు. కాబట్టి మీకు వస్తున్న కలలు బలహీనత వల్ల కాదు. మీరు వింటున్నారు కాబట్టి వస్తున్నాయి. విడాకులతో ఇప్పటికే నిద్ర, మనసు అలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువగా తగులుతూ ఉండొచ్చు.

దీనికి మరో పక్క కూడా ఉంది. కొలంబియాలో రాజకీయ హింస బాధితులకు కౌన్సెలింగ్ చేసే థెరపిస్టులను పిలార్ హెర్నాండెజ్, ఆమె సహచరులు ఇంటర్వ్యూ చేసి 2007లో ఒక వ్యాసం రాశారు. ఆ థెరపిస్టులు బాధతో పాటు మరోటి కూడా తమతో తీసుకెళ్తున్నట్టు అందులో తేలింది. మనుషులు కోలుకోగలరని కళ్లారా చూడటం వల్ల తమ సమస్యలను వాళ్లు వేరేగా చూడటం మొదలుపెట్టారు. ‘నాది చిన్న కష్టం’ అని తమను తగ్గించుకోవడం కన్నా ఇది వేరు. ‘మనుషులు కోలుకుంటారు, నేనూ మనిషినే’ అన్న దిశలో నడిచే ఆలోచన. మీరు కోరుకుంటున్న నేర్పు ఇదే. ఇది అడిగితే వచ్చేది కాదు, పక్కన ఉండగా ఉండగా వస్తుంది. మీరు పక్కనే ఉన్నారు. కాకపోతే నిద్రలేని మనిషికి వాళ్ల భయం ఎక్కినంత తొందరగా వాళ్ల బలం ఎక్కదు. కాబట్టి ముందు నిద్ర సరిచేసుకోవాలి.

ఈ వారంలోనే మీ సీనియర్‌తోనో డిపార్ట్‌మెంట్ హెడ్‌తోనో కూర్చుని కలల సంగతి చెప్పండి. ప్రమాదం జరిగి ఎక్కువ రోజులు కాని కొత్త కేసులన్నీ మీకే పడకుండా, కోలుకుని ఇంటికి వెళ్లడానికి సిద్ధమవుతున్నవాళ్లను కూడా కలిపి ఇమ్మని అడగండి. చివరిదాకా బాగుపడ్డవాళ్లను కూడా చూడటం మీకు అవసరం. పేషెంటు ప్రమాదం వివరాల్లోకి వెళ్తున్నప్పుడు, మీ చికిత్సకు అవి అవసరం లేకపోతే, ‘ఇది మా కౌన్సెలర్‌తో మాట్లాడితే బాగుంటుంది, నేను కలిపిస్తాను’ అనడం తప్పు కాదు. కలలు, ఉలిక్కిపడటం, వార్డులోకి వెళ్లాలంటే గుండె దడ లాంటివి నెల దాటినా తగ్గకపోయినా, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ఆ ఆలోచన వస్తే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. దీనికి బాగా పనిచేసే చికిత్సలున్నాయి.

ఇంట్లోవాళ్లు మళ్లీ ‘వాళ్లను చూసి నేర్చుకో’ అంటే, నేర్చుకుంటున్నాననే చెప్పండి. కింద పడినప్పుడు మళ్లీ కుర్చీలోకి ఎక్కడానికి వాళ్లు పక్కవాళ్లను సాయం అడుగుతారు, నేనూ ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను అని చెప్పి, మీకేం కావాలో చెప్పండి. రాత్రి పక్కన పడుకోవడమో, వేళకు భోజనం గుర్తుచేయడమో, డాక్టరు దగ్గరికి తోడు రావడమో, ఏది కావాలంటే అది.